పిలిస్తే వచ్చే ఇంజినీరు: ఎస్టిమేట్‌కు ముందా, బిల్లుకు ముందా?

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఏ వీధికి సీసీ రోడ్డు వేయాలి, ఏ చేలకు దారి కావాలి అని తీర్మానాలు రాసుకున్నారు. అక్టోబరు 14న ‘పల్లె పండుగ’ పేరుతో శంకుస్థాపనలు మొదలయ్యాయి. ప్రభుత్వం అప్పుడు ప్రకటించిన లెక్క ప్రకారం రూ.4,500 కోట్లతో 30 వేల పనులు, వాటిలో 3 వేల కిలోమీటర్ల సీసీ రోడ్లు, 500 కిలోమీటర్ల బీటీ రోడ్లు. సంక్రాంతికల్లా పూర్తి కావాలన్నారు. గ్రామసభకూ శంకుస్థాపనకూ మధ్య ఉన్నవి 52 రోజులు. సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది కూడా ఆ రోజుల్లోనే. ఆ నీరంతా కిందికి దిగి కొల్లేరు సరస్సును నింపాక ఏలూరు-కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. కొత్త రోడ్లకు ఎస్టిమేట్లు రాయాల్సిన పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖే కొట్టుకుపోయిన పాత రోడ్ల నష్టమూ లెక్కకట్టాలి.

పని ఇలా ఒక్కసారిగా మీద పడే శాఖకు బయటి ఇంజినీర్లను తీసుకోవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. కొత్త ఉద్యోగాలు ఇవ్వడం, పనిపనికీ విడిగా కన్సల్టెంటు కోసం టెండరు పిలవడం కాకుండా మూడో దారి ఒకటుంది. ముందే ఒక జాబితా తయారు చేసుకుని, రేట్లు ఖరారు చేసుకుని, అవసరమైనప్పుడు కబురు పెట్టడం. అమెరికాలో కౌంటీలు, నగరపాలక సంస్థలు రోడ్ల పనులకు ఈ పద్ధతిని విరివిగా వాడతాయి. మన దగ్గర అది పనికొస్తుందా, పనికొస్తే ఏ దశలో అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ ప్రశ్న వేసుకోవడానికి వట్లూరు తగిన చోటు. ఏలూరును ఆనుకుని, పెదపాడు మండలంలో ఉన్న ఈ ఊళ్లోనే 1989లో పెట్టిన సర్ సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, తాడేపల్లిగూడెంలో, 2015లో మొదలైన నిట్ ఉంది. దక్షిణాన కొల్లేటి పల్లం మొదలవుతుంది. సివిల్ ఇంజినీరింగ్ చెప్పే చోటుకూ, సివిల్ ఇంజినీరుకు కష్టమైన నేలకూ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండటం అరుదు.

ఇప్పుడు పని నడిచే తీరు

గ్రామ రోడ్డు ఎస్టిమేట్ కింది నుంచి పైకి పోతుంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక సచివాలయానికో ఇంజినీరింగ్ అసిస్టెంట్ వచ్చారు. వారిపైన మండలంలో ఏఈ లేదా ఏఈఈ, సబ్‌డివిజన్‌లో డీఈ, డివిజన్‌లో ఈఈ, ఆపైన ఎస్‌ఈ. పరిపాలనా మంజూరు ఒకరిది, సాంకేతిక మంజూరు మరొకరిది. పని జరుగుతుంటే కొలతలు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కుతాయి. పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేశాకే బిల్లు కదులుతుంది. ఈ గొలుసు ఆషామాషీగా పుట్టింది కాదు. జిల్లా బోర్డుల కాలంలో డిస్ట్రిక్ట్ బోర్డ్ ఇంజినీరు ఉండేవారు. 1959లో మన రాష్ట్రంలో సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు పంచాయతీల జాబితాలోకి ఎక్కాయి. ఇన్ని మారినా సంతకం పెట్టే ఇంజినీరు ప్రభుత్వ ఉద్యోగే కావాలన్న సూత్రం మారలేదు. దానికి గట్టి కారణమే ఉంది. సంతకం పెట్టినవాడు పదేళ్ల తర్వాత విజిలెన్సు వాళ్లు పిలిచినా దొరకాలి కదా.

అలాగని బయటి ఇంజినీర్లు మనకు కొత్త కాదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రెండు చోట్ల వాళ్లున్నారు. రోడ్డు మంజూరుకు ముందు సమగ్ర ప్రాజెక్టు నివేదికను (డీపీఆర్) రాష్ట్ర సాంకేతిక సంస్థ, అంటే ఎంపిక చేసిన ఇంజినీరింగ్ విద్యాసంస్థ, పరిశీలించాలి. పని జరుగుతుండగానూ, అయ్యాకానూ జాతీయ నాణ్యతా పర్యవేక్షకులు వస్తారు. వీరిలో ఎక్కువమంది పెద్ద హోదాల్లో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు. నెల జీతం మీద కాకుండా, కేటాయించిన తనిఖీకి ఇంత అని తీసుకుని వచ్చేవాళ్లు. రోడ్డు అంచు తవ్వి పొర మందం కొలిచి, ఫొటోలతో సహా నివేదికను ఆన్‌లైన్‌లో పెడతారు. పిలిస్తే వచ్చే ఇంజినీరు అంటే ఇదే. పేరు ఒక్కటే వేరు.

పల్లె పండుగలోలా ఉపాధి హామీ నిధులతో వేసే సీసీ రోడ్డుకు ఈ రెండూ లేవు. దానికి శాఖలోని నాణ్యతా విభాగం ఉంది, 2009లో ఏర్పడిన సొసైటీ ఆధ్వర్యంలో సామాజిక తనిఖీ ఉంది. సామాజిక తనిఖీ మస్టర్లను, కొలతలను, చెల్లింపులను పట్టుకోగలదు. రోడ్డు కింద మట్టి ఏమిటని అడగడం దాని పని కాదు.

మట్టి సంగతి

కొల్లేటి పరిసరాల్లో రోడ్డు పైన చెడేది తక్కువ, కింద చెడేది ఎక్కువ. ఈ పల్లంలో ఉన్నది నల్ల బంకమట్టి. మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, ఆగస్టులో ఉబ్బుతుంది. ఆ కదలికకు పైనున్న మెటల్, తారు పొరలు పొడుగునా, ముఖ్యంగా అంచుల వెంట, పగులుతాయి. ఆ పగుళ్లలోంచి నీరు దిగుతుంది. మరుసటి వానాకాలానికి గుంటలు తేలతాయి.

దీన్ని ముందే పసిగట్టే పరీక్షలు ఖరీదైనవి కావు. మొదటిది ఉబ్బుదల పరీక్ష. ఆరబెట్టి, జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాములు రెండు గాజు జాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటి ఎత్తుల తేడా 50 శాతం దాటితే ఆ మట్టిని గట్టు నింపడానికి వాడొద్దని రోడ్ల స్పెసిఫికేషన్లు చెబుతాయి. రెండోది సీబీఆర్. మట్టిని 15 సెంటీమీటర్ల వ్యాసమున్న ఇనుప అచ్చులో దట్టించి నాలుగు రోజులు నీళ్లలో నానబెడతారు. తీసి, 5 సెంటీమీటర్ల వ్యాసమున్న కడ్డీని దానిలోకి నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దించుతారు. కడ్డీ 2.5 మిల్లీమీటర్లు దిగడానికి ఎంత బరువు పట్టిందో చూసి 1,370 కిలోలతో పోలుస్తారు. 27 కిలోలకే దిగిపోయిందంటే సీబీఆర్ 2 అన్నమాట. తక్కువ రద్దీ రోడ్ల డిజైన్ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఎస్‌పీ 72 పట్టికల్లో అన్నిటికంటే బలహీనమైన తరగతి అదే. అంతకన్నా తగ్గితే మట్టిని మార్చాలా, సున్నం కలిపి గట్టిపరచాలా, మెట్ట నుంచి గ్రావెల్ తెప్పించాలా అన్నది ఎస్టిమేట్ రాయకముందే తేలాలి. రాశాక తేలితే చేయగలిగింది సవరణ ఎస్టిమేట్ పెట్టుకోవడమే. లేదంటే కళ్లు మూసుకోవడం.

పరీక్షకు నాలుగు రోజులు నానబెట్టడం, ముందు వెనుకల పని కలిపి వారం పదిరోజులు పడుతుంది. 52 రోజుల్లో 30 వేల పనులకు కాగితాలు కదలాల్సిన చోట ఆ వారం ఎక్కడి నుంచి తేవాలి? పక్క రోడ్డుకు ఎప్పుడో చేసిన పరీక్ష విలువే దీనికీ ఎక్కే అవకాశం అక్కడే పుడుతుంది. గ్రామ సడక్ యోజన మీద కాగ్ 2016లో ఇచ్చిన నివేదిక డీపీఆర్‌ల తయారీలోనే లోపాలున్నాయని ఎత్తిచూపింది. బయటి సంస్థ పరిశీలన తప్పనిసరైన పథకంలోనే పరిస్థితి అలా ఉంటే, అది లేని పథకాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవడం కష్టం.

మట్టి తర్వాత నీటి మట్టం. రోడ్డు పునాది అడుగుభాగం గరిష్ఠ వరద మట్టానికి కనీసం 60 సెంటీమీటర్ల పైన ఉండాలన్నది గ్రామీణ రోడ్ల సాధారణ నియమం. కొల్లేటి ఊళ్లలో వరద ఒక్కటే చూసుకుంటే సరిపోదు. రోడ్డుకు ఒకవైపో, రెండువైపులో చేపల చెరువు ఉంటే అందులోని నీరు ఏడాదిలో ఎక్కువ కాలం రోడ్డు గట్టును నానబెడుతూనే ఉంటుంది. గట్టు జారడానికి వరదే రానక్కర్లేదు, చెరువు ఎండగట్టినప్పుడు కూడా జారవచ్చు. ఎంత ఎత్తు లేపాలి, ఎక్కడ తూము పెట్టాలి, ఏ వైపు రాతికట్టుడు కావాలి అన్నవి ఒక్కో ఊరికి ఒక్కోలా తేలతాయి. వరద మట్టం రాసుకోవడానికి సరైన కాలం నీళ్లు తీసిన వెంటనే. గోడల మీది నీటి చారలు సంక్రాంతి సున్నాలతో పోతాయి. ఆ తర్వాత ఊళ్లో పదిమందిని అడిగితే పది ఎత్తులు చెబుతారు.

చేపల లారీ లెక్క

ఇక బరువు. ఇక్కడి చేపలు ఐసుతో లారీలకెక్కి బెంగాల్‌కూ ఈశాన్య రాష్ట్రాలకూ పోతాయి. హైవే ఎక్కేదాకా ఆ లారీ నడిచేది ఊరి రోడ్డు మీదే. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిలో జరిగిన రోడ్డు పరీక్షల తర్వాత ఇంజినీర్లు వాడుతున్న స్థూల సూత్రం ఒకటుంది: ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. ప్రామాణిక ఇరుసు 8.2 టన్నులు. మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసుకు అనుమతించిన బరువును 2018 జులైలో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. బరువు పెరిగింది 13 శాతమే. నాలుగో ఘాతం కడితే నష్టం 60 శాతం పైచిలుకు పెరుగుతుంది. 11.5 టన్నుల ఇరుసు ఒక్కసారి పోతే దాదాపు 3.9 ప్రామాణిక ఇరుసులు పోయినట్టు.

ఊహకు ఒక ఊరి రోడ్డు తీసుకుందాం. దాన్ని ఎస్‌పీ 72లోని టీ1 తరగతికి, అంటే పదేళ్లలో 10 వేల నుంచి 30 వేల ప్రామాణిక ఇరుసులకు డిజైన్ చేశారనుకుందాం. చేపల పట్టుబడి కాలంలో రోజుకు పది లోడు లారీలు, ఏడాదికి 200 రోజులు. వెనక ఇరుసు ఒక్కటే లెక్కపెట్టినా, చట్టం ఒప్పుకున్న బరువు దాటలేదనే అనుకున్నా, ఏడాదికి 7,700కు పైగా తేలుతుంది. పదేళ్ల రోడ్డు నాలుగేళ్లలోపే ఖర్చయిపోతుంది. కాంట్రాక్టరు నిజాయితీగా వేసినా ఫలితం ఇంతే. అయితే రోడ్డు పాడవగానే ఊళ్లో వినిపించే మాట మాత్రం ఒకటే, డబ్బులు తినేశారని. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. డిజైన్ తప్పుకూ దొంగతనానికీ తేడా తేల్చకుండా ఎంత తనిఖీ చేసినా అసలు రోగం చిక్కదు.

నాలుగో ఘాతం సూత్రాన్ని ఇంత పలచటి రోడ్ల మీద అక్షరాలా నమ్మకూడదు. బలహీనమైన నేల మీద ఘాతం మారుతుంది. ఈ లెక్క ఉద్దేశం ఒక కచ్చితమైన అంకె చెప్పడం కాదు. మూడు రోజుల పాటు రోడ్డు పక్కన కూర్చుని లారీలు లెక్కపెట్టే మనిషి ఎస్టిమేట్‌ను ఎంత మార్చగలడో చూపడం.

తనిఖీ గురించి ఆధారాలు ఏమంటున్నాయి?

ఇంజినీరును ఎస్టిమేట్‌కు ముందే పిలవాలన్న నా వాదనకు అడ్డొచ్చే పరిశోధనను ఇక్కడ ముందు పెట్టాలి. ఇండోనేషియాలోని జావాలో 608 గ్రామాల రోడ్డు పనుల మీద బెంజమిన్ ఓల్కెన్ చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. పని అయ్యాక ప్రభుత్వ ఆడిట్ జరిగే అవకాశం మామూలుగా 4 శాతం. కొన్ని గ్రామాలకు ఆడిట్ తప్పక జరుగుతుందని ముందే చెప్పారు. ఆ తర్వాత ఇంజినీర్లు రోడ్లను తవ్వి నమూనాలు తీసి, వాడిన సరుకెంత, రాసిన ఖర్చెంత అని పోల్చారు. లెక్కకు దొరకని ఖర్చు సుమారు 8 శాతం పాయింట్లు తగ్గింది. గ్రామస్థుల భాగస్వామ్యం పెంచిన చోట్ల సగటున పెద్ద తేడా రాలేదు. అంటే తర్వాత వచ్చే ఇంజినీరు వృథా కాదు, కచ్చితంగా వస్తాడని తెలిస్తే మరీనూ.

మన గ్రామ సడక్ యోజన సమాచారంతోనే జొనాథన్ లేన్, జేకబ్ షాపిరో, ఆలివర్ వాండెన్ ఐండ్ చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. స్వల్ప ఆధిక్యంతో గెలిచిన ఎమ్మెల్యేల నియోజకవర్గాలను చూస్తే, ఎమ్మెల్యేతో ఇంటిపేరు కలిసే కాంట్రాక్టర్ల వాటా 4 శాతం నుంచి 7 శాతానికి పెరిగిందని తేల్చారు. కాగితం మీద పూర్తయి, తర్వాతి జనాభా లెక్కల్లో కనిపించని రోడ్లనూ గుర్తించారు. ఈ పథకంలో ఎమ్మెల్యేకు కాంట్రాక్టు ఇచ్చే అధికారికమైన పాత్రేదీ లేదు. పిలిస్తే వచ్చే ఇంజినీర్ల జాబితా తయారు చేసేవాళ్లు ఈ ఫలితాన్ని దగ్గర పెట్టుకోవాలి. కాంట్రాక్టరుకు ఇంటిపేరు అక్కరకొచ్చిన చోట కన్సల్టెంటుకు రాదని హామీ ఏమీ లేదు.

ముందుగా ఇంజినీరును పిలిస్తే రోడ్డు ఎక్కువ కాలం నిలుస్తుందనడానికి ఆధారం వేరే రకమైంది. అది పైన చూసిన మట్టి పరీక్ష, ఇరుసుల లెక్క. ప్రయోగంతో రుజువైన సామాజిక శాస్త్రం కాదు, కొలతలతో నిలిచే ఇంజినీరింగ్. ఓల్కెన్ ఫలితం సిమెంటు, మెటల్ ఎంత దారి తప్పిందో చెబుతుంది. సక్రమంగా పడిన మెటల్ తప్పు మందంలో పడిందేమో అది చెప్పదు. కొల్లేటి నేలలో రెండో ప్రశ్న బరువు ఎక్కువని నా అంచనా.

పిలుపు ఒప్పందం ఎలా ఉండాలి

అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే రోడ్ల ఇంజినీరింగ్ సేవలకు 1972 నాటి బ్రూక్స్ చట్టపు సూత్రం వర్తిస్తుంది. ముందు అర్హత చూసి ఎంచుకోవాలి, ధర తర్వాత మాట్లాడుకోవాలి. పిలుపు ఒప్పందాలకు ఇంకో మూడు కట్టుబాట్లున్నాయి. కాలపరిమితి ఐదేళ్లు దాటకూడదు. మొత్తం మీద ఎంత చెల్లించవచ్చో గరిష్ఠ పరిమితి ముందే రాయాలి. నిర్మాణ ఖర్చులో ఇంత శాతం అని ఫీజు ఇవ్వకూడదు. మూడోదాన్ని మనం ముఖ్యంగా గమనించాలి. ఎస్టిమేట్‌లో శాతం తీసుకునేవాడికి ఎస్టిమేట్ పెరిగితేనే లాభం. ఆరు అంగుళాల గ్రావెల్ చాలని చెప్పి తన ఫీజు తానే తగ్గించుకునేవాడిని ఆశించడం అమాయకత్వం.

మన కేంద్రం కూడా ఈ తరహా ఒప్పందాన్ని ఎరుగును. ప్రపంచ బ్యాంకు పాత కన్సల్టెంట్ల మార్గదర్శకాల్లో, ఆ దారిలోనే 2017లో ఆర్థిక శాఖ తెచ్చిన కన్సల్టెన్సీ మాన్యువల్‌లో, ఎంత పని ఎప్పుడు పడుతుందో ముందే చెప్పలేని సలహా సేవలకు రేట్లు మాత్రం ఖరారు చేసుకునే వీలుంది. అదే ఏడాది వచ్చిన సాధారణ ఆర్థిక నియమాలు నాణ్యత, ధర కలిపి మార్కులు వేసే పద్ధతిలో నాణ్యతకు 80 శాతం దాకా ఇవ్వనిచ్చాయి. ఇవి జిల్లా పరిషత్తుకు నేరుగా వర్తించవు. కానీ రాష్ట్రం అనుసరించదలిస్తే నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు. మన టెండర్లలో లెస్‌కు వేసినవాడికి పని ఇచ్చే అలవాటు మట్టి పరీక్షకు కూడా పాకితే మాత్రం, పరీక్ష చేయకుండానే నివేదిక ఇచ్చేవాడికే పని దక్కుతుంది.

ఈ ప్రాంతానికి చిన్న ఒప్పందం చాలు. రూపాయల్లో ఒక్కో పనికి ఒక్కో రేటు: ఒక గొయ్యి తవ్వి ఉబ్బుదల, సీబీఆర్ పరీక్షలు చేసినందుకు ఇంత, మూడు రోజుల వాహనాల లెక్కకు ఇంత, వరద మట్టం గుర్తించి లెవెల్స్ తీసినందుకు ఇంత, కల్వర్టు డిజైన్‌కు ఇంత. గొయ్యి దగ్గర తీసిన ఫొటోలో తేదీ, ప్రదేశం పడాలి. అచ్చులోని మట్టిలో కొంత ఏడాదిపాటు దాచాలి, మరొకరు మళ్లీ పరీక్షించడానికి. పరీక్ష చేసిన సంస్థ అదే రోడ్డు నాణ్యతను తర్వాత తనిఖీ చేయకూడదు. సాంకేతిక మంజూరు సంతకం ఈఈదో డీఈదో కావాలి. అంకె తప్పయితే బాధ్యత పరీక్షించినవారిది, ఆ అంకెను పక్కనపెడితే బాధ్యత సంతకం పెట్టినవారిది. ప్రతి వీధి సీసీ రోడ్డుకూ ఈ హడావుడి అక్కర్లేదు. ఊరి మధ్య గట్టి నేల మీద వంద మీటర్ల రోడ్డుకు ఇంజినీరింగ్ అసిస్టెంట్, ఏఈ చాలు. చెరువుల పక్క నుంచి పోయే రోడ్లు, లంక గ్రామాల దారులు, లారీలు తిరిగే లింకు రోడ్లు, వరదలో తెగినవి, వీటికే కబురు పెట్టాలి.

చిక్కు ఇంకోచోట ఉంది, జాబితా ఎవరిదన్న దగ్గర. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాత కృష్ణా జిల్లాలోని కైకలూరు వైపు మండలాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. తాడేపల్లిగూడెం, ఆకివీడు భీమవరం కేంద్రమైన పశ్చిమ గోదావరిలో మిగిలాయి. జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. కాబట్టి ఒకే కొల్లేటి చుట్టూ తిరిగే రోడ్లు రెండు జిల్లా పరిషత్తులకు, రెండు కలెక్టరేట్లకు పంచుకుపోయాయి. ఇవి కాక ఆర్‌ అండ్‌ బీ రోడ్లు, జలవనరుల శాఖ కాలువ గట్లు వేరే. 1999లో ప్రకటించిన అభయారణ్యం పరిధిలో, ఐదో కాంటూరు లోపల, రోడ్డు వెడల్పు చేయాలన్నా ఎత్తు లేపాలన్నా అటవీ శాఖ వైపు నుంచి వన్యప్రాణి చట్టం అనుమతులు కావాలి. అక్కడ రోడ్డు ఎత్తు లేపడమంటే నీటికి అడ్డుకట్ట వేయడం కూడా. తూములు చాలకపోతే ఉప్పుటేరు వైపు పోవాల్సిన వరద పై ఊళ్లలో నిలుస్తుంది. ఆ లెక్క ఒక్క రోడ్డు ఎస్టిమేట్‌లో ఇమిడేది కాదు. నాలుగు శాఖలకూ కలిపి ఒకే సంస్థ నీటి మట్టాలు తీస్తేనే కుదురుతుంది. జాబితాను జిల్లా పరిషత్తు స్థాయిలో కాక, రెండు జిల్లాల పంచాయతీరాజ్ ఎస్‌ఈలు కలిసి, కొల్లేటి మండలాలన్నిటికీ ఉమ్మడిగా పెట్టుకోవడం మేలనిపిస్తుంది.

మొదటి ఏడాదికి పది పదిహేను రోడ్లు చాలు. అక్టోబరులో నీళ్లు తీయగానే మట్టాలు రాసుకోవాలి. నవంబరు, డిసెంబరుల్లో గోతులు, పరీక్షలు, పట్టుబడి నడిచే రోజుల్లో లారీల లెక్క. జనవరికి నివేదికలు చేతికొస్తే ఫిబ్రవరిలో ఎస్టిమేట్ రాయవచ్చు, వానల్లోపు పని ముగించవచ్చు. పక్కనే ఉన్న అదే తరహా రోడ్లు మరో పది పదిహేను మామూలు పద్ధతిలోనే వేయనివ్వాలి. రెండు గుంపులనూ ఏటా ఒకే నెలలో, ఒకే కొలతతో, గుంటలు, పగుళ్లు, అంచుల జారుడు కొలిచి పంచాయతీ బోర్డు మీద రాయాలి. రెండు గుంపుల మధ్య మూడు వానాకాలాల తర్వాత కూడా తేడా కనిపించకపోతే, ఆ డబ్బును కచ్చితమైన ఆడిట్‌కు మళ్లించడమే నయం.